మాడ్రిడ్ 2004: మూడు రోజుల్లో ఒక ‘ఖాయం’ ఎలా తయారైంది?

2004 మార్చి 11, గురువారం. స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో పొద్దున్నే ఆఫీసులకు, కాలేజీలకు వెళ్లే జనంతో కిక్కిరిసిన నాలుగు లోకల్ రైళ్లలో పది బాంబులు పేలాయి. 7.37కి మొదలై 7.40కల్లా అంతా అయిపోయింది. 191 మంది చనిపోయారు. 1,800 మందికి పైగా గాయపడ్డారు. అంతకు ముందు స్పెయిన్‌లో ఏ ఉగ్రదాడిలోనూ ఇంతమంది ప్రాణాలు పోలేదు.

ఆదివారం, అంటే మూడు రోజులకే, పార్లమెంటు ఎన్నికలు.

ఈ రెండు తేదీల మధ్య ప్రభుత్వం ఏం చెప్పింది, పత్రికలు ఏం రాశాయి, ప్రతిపక్షం ఏం చేసింది అన్న దానిమీద ఆ దేశంలో ఇరవై ఏళ్లు దాటినా గొడవ తెగలేదు. ఎక్కడ ఏ ఘోరం జరిగినా, శవాలు లెక్కతేలక ముందే ‘చేసింది ఎవరో తెలిసిపోయింది’ అనే మెసేజ్‌లు మన ఫోన్లలోకి వచ్చి పడుతున్న రోజులివి. విషాదం చుట్టూ రాజకీయ కథనం ఎలా అల్లుకుంటుందో చూడడానికి మాడ్రిడ్ మంచి ఉదాహరణ. ఎందుకంటే ఏ గంటకు పోలీసులకు ఏం దొరికింది, ఏ గంటకు మంత్రి ఏం చెప్పారు అనేది చాలావరకు రికార్డుల్లో ఉంది. పార్లమెంటు కమిషన్ విచారించింది, కోర్టు తీర్పు చెప్పింది. తెలిసినదాన్నీ చెప్పినదాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

## పొరపాటు, అబద్ధం, స్పిన్: మూడూ ఒకటి కావు

అప్పటికి చేతిలో ఉన్న సమాచారాన్ని బట్టి ఒక మాట చెప్పి, అది తర్వాత తప్పని తేలితే పొరపాటు. నిజం కాదని తెలిసీ చెబితే అబద్ధం. ఈ రెండూ అందరికీ తెలిసినవే.

స్పిన్ వీటికి మధ్యలో ఉంటుంది. పట్టుకోవడం కష్టం. స్పిన్‌లో విడివిడిగా చూస్తే ఒక్కో వాక్యం దాదాపు నిజమే అయి ఉంటుంది. కానీ ఏది ముందు చెప్పాలి, ఏది గట్టిగా చెప్పాలి, ఏది సాయంత్రం దాకా ఆపాలి, ఏ ప్రశ్నకు కోపం నటించాలి అన్న ఎంపికలన్నీ కలిసి వినేవాడి మనసులో చెప్పేవాడికి కావలసిన అర్థాన్ని నిలబెడతాయి. పత్రికలు, టీవీలు కూడా అదే వరుసను, అదే ఒత్తును ఎత్తుకుని రాసినప్పుడు ఆ కథనానికి చట్రం బిగుస్తుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి కొత్త విషయాన్నీ జనం ఆ చట్రంలోంచే చూస్తారు.

మాడ్రిడ్ మీద ఇంతకాలం నడిచిన వాదన ‘ప్రభుత్వం అబద్ధమాడింది’, ‘కాదు, పొరబడింది’ అనే రెండు ముక్కల మధ్యే తిరిగింది. నా ఉద్దేశంలో రెండూ అసలు విషయాన్ని వదిలేస్తున్నాయి. ఆ మూడు రోజుల్లో దొరికిన ఆధారాలను దాదాపు అన్నింటినీ ప్రభుత్వం ఎప్పుడో ఒకప్పుడు బయటపెట్టింది. తారుమారైంది ఆధారం కాదు, ‘ఎంత ఖాయం’ అన్న మోతాదు.

## ఇద్దరు అనుమానితులు, రెండు రకాల ఎన్నికలు

అప్పుడు అధికారంలో ఉన్నది కన్జర్వేటివ్ భావాల పీపుల్స్ పార్టీ. ప్రధాని హోసే మరియా అజ్నార్. ఆయన ఈసారి పోటీలో లేరు, వారసుడిగా మరియానో రహోయ్‌ని నిలబెట్టారు. ఎదుట సోషలిస్టు పార్టీ నాయకుడు సపతేరో. ఎన్నికల ముందు ప్రచురించిన సర్వేల్లో పీపుల్స్ పార్టీదే ముందంజ.

దాడి చేసి ఉండగలవారు ఇద్దరు. ఒకటి ఈటీఏ. ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతానికి స్వతంత్ర దేశం కావాలని దశాబ్దాలుగా తుపాకీ పట్టిన సంస్థ, 800 మందికి పైగా ప్రాణాలు తీసింది. రెండోది అల్ కాయిదా, లేదా దాని భావాలతో పనిచేసే జిహాదీ ముఠా.

చేసింది ఈటీఏ అయితే ఓటు ఎటు పడుతుంది? ఈటీఏ విషయంలో రాజీలేని పార్టీగా అజ్నార్ ప్రభుత్వానికి పేరుంది. పైగా ఆ జనవరిలోనే, స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో సోషలిస్టులతో కలిసి ప్రభుత్వంలో ఉన్న ఒక పార్టీ నాయకుడు ఈటీఏ మనుషులను రహస్యంగా కలిసిన సంగతి బయటపడి పెద్ద దుమారం రేగింది. అంటే ఈటీఏ దాడి పాలకపక్షానికి లాభం.

చేసింది జిహాదీలైతే లెక్క తిరగబడుతుంది. 2003లో ఇరాక్ యుద్ధానికి ముందు అజోర్స్ దీవుల్లో అమెరికా అధ్యక్షుడు బుష్, బ్రిటన్ ప్రధాని బ్లెయిర్ పక్కన నిలబడింది అజ్నారే. స్పెయిన్ జనంలో అత్యధికులు ఆ యుద్ధం వద్దన్నారు. లక్షల మంది వీధుల్లోకి వచ్చినా ఆయన వినలేదు, సుమారు 1,300 మంది సైనికులను ఇరాక్ పంపారు. దాడి ఆ యుద్ధానికి ప్రతీకారమని తేలితే జనం వేలు ఎవరివైపు చూపిస్తారో చెప్పనక్కర్లేదు. సపతేరో అప్పటికే సైన్యాన్ని వెనక్కి పిలిపిస్తానని మాట ఇచ్చి ఉన్నారు.

కాబట్టి ‘ఎవరు చేశారు’ అన్న పోలీసు ప్రశ్న గురువారం ఉదయానికే ఓట్ల ప్రశ్న కూడా అయిపోయింది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే తర్వాత జరిగినదంతా సులభంగా అర్థమవుతుంది.

## మొదటి గంటల అనుమానం సబబే

ఇక్కడ ప్రభుత్వానికి న్యాయం చేయాలి. గురువారం ఉదయం ఈటీఏ పేరు తలవని వాళ్లే లేరు. 2003 క్రిస్మస్ ముందురోజు మాడ్రిడ్‌లోని చమార్తిన్ స్టేషన్‌కు వచ్చే రైల్లో బాంబులు పేల్చాలన్న ఈటీఏ పథకాన్ని పోలీసులు భగ్నం చేశారు. ఫిబ్రవరి 29న, దాడికి పదకొండు రోజుల ముందు, 500 కిలోలకు పైగా పేలుడు పదార్థంతో మాడ్రిడ్ వైపు వస్తున్న ఈటీఏ వ్యాన్‌ను పట్టుకున్నారు. రైళ్లు, మాడ్రిడ్, ఎన్నికల సమయం: అన్నీ సరిపోతున్నాయి.

బాస్క్ ప్రాంతీయ ప్రభుత్వాధినేత ఇబారెచే కూడా ఆ ఉదయం ఈటీఏనే తిట్టిపోశారు. ఆయన స్వయంగా బాస్క్ జాతీయవాది, అజ్నార్‌కు బద్ధ విరోధి. సపతేరో కూడా మొదట ఈటీఏ అనే అనుకున్నారు.

సరిపోని విషయాలూ ఉన్నాయి. ఈటీఏ సాధారణంగా ముందు ఫోన్ చేసి హెచ్చరించేది, ఎక్కువగా పోలీసులు, సైనికులు, రాజకీయ నాయకులను గురిపెట్టేది. దాని చరిత్రలో అతిపెద్ద దాడి 1987లో బార్సిలోనాలో ఒక సూపర్‌మార్కెట్ మీద జరిగింది, అందులో చనిపోయినవాళ్లు 21 మంది. హెచ్చరిక లేకుండా, పనికి వెళ్లే మామూలు జనం మీద, అంతకు తొమ్మిది రెట్ల ప్రాణనష్టం దాని పద్ధతి కాదు. పదిన్నర ప్రాంతంలో ఈటీఏకు రాజకీయంగా దగ్గరైన బతాసునా నాయకుడు ఒతేగీ బయటికి వచ్చి ఇది వాళ్ల పని కాదన్నాడు. అతని మాటను ఎవరూ నమ్మలేదు. నమ్మాల్సిన అవసరం కూడా అప్పటికి లేదు.

## అనుమానం ఖాయంగా మారిన మధ్యాహ్నం

మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో హోంమంత్రి అంఖెల్ అసెబెస్ ప్రెస్‌మీట్ పెట్టారు. చేసింది ఈటీఏ అనడంలో ప్రభుత్వానికి ఏ సందేహమూ లేదన్నారు. అంతటితో ఆగలేదు. వేరే అనుమానాలు లేవనెత్తి దృష్టి మళ్లించాలని చూసేవాళ్లు నీచులని కూడా అన్నారు.

ఈ రెండో మాట మీద కాసేపు ఆగాలి. ‘ప్రధాన అనుమానం ఈటీఏ మీదే’ అని ఉంటే అది సమాచారం. ‘వేరేగా అనుమానించేవాడు నీచుడు’ అన్నప్పుడు అది సమాచారం కాదు, విలేకరులు అడగాల్సిన తర్వాతి ప్రశ్నకు ముందే వేసిన తాళం. ఆ గదిలో కూర్చున్న ఏ విలేకరి అయినా ‘మీకు ఎలా తెలుసు?’ అని అడిగితే ఉగ్రవాదుల పక్షం మాట్లాడినట్టు అయిపోతుంది.

అంతకు కాస్త ముందు అజ్నార్ స్వయంగా ప్రధాన పత్రికల సంపాదకులకు ఫోన్లు చేసి ఈటీఏ పనేనని చెప్పారు. సోషలిస్టులకు దగ్గరగా ఉంటుందని పేరున్న ఎల్ పాయిస్ పత్రిక ఆ మధ్యాహ్నం తెచ్చిన ప్రత్యేక సంచికలో పతాక శీర్షిక మొదట ‘మాడ్రిడ్‌లో ఉగ్రవాదుల మారణకాండ’ అనే అర్థంతో సిద్ధమైంది. ప్రధాని ఫోన్ తర్వాత అది ‘మాడ్రిడ్‌లో ఈటీఏ మారణకాండ’ అయింది. విషయాన్ని ఆ సంపాదకుడే తర్వాత బయటపెట్టారు. ఒక దేశ ప్రధాని 191 మంది చనిపోయిన రోజున స్వయంగా ఫోన్ చేసి హామీ ఇస్తే ఎంత అనుభవం ఉన్న డెస్క్ అయినా కాదనలేదు. అధికారం మీడియాను వాడుకోవడం అంటే ప్రతిసారీ యజమానిని బెదిరించడమో, ప్రకటనలు ఆపడమో కానక్కర్లేదు. నమ్మకాన్ని అరువు తీసుకోవడం చాలు.

సాయంత్రం ఐదున్నరకు విదేశాంగ మంత్రి ఆనా పలాసియో నుంచి అన్ని రాయబార కార్యాలయాలకూ సందేశం వెళ్లింది. దొరికిన ప్రతి సందర్భంలోనూ ఇది ఈటీఏ పని అని ధ్రువీకరించాలి, స్వార్థపరులు లేవదీయబోయే సందేహాలను పోగొట్టాలి అన్నది దాని సారాంశం. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి అదే రోజు 1530వ నంబరు తీర్మానం చేసింది, ఈటీఏను పేరుపెట్టి ఖండించింది. అప్పుడు స్పెయిన్ మండలిలో తాత్కాలిక సభ్యదేశం. పోలీసు దర్యాప్తు ఇంకా ఒక రోజు కూడా నిండని నేరానికి ప్రపంచంలోకెల్లా పెద్ద వేదిక మీద దోషి పేరు ఎక్కిపోయింది.

మరి ఈలోగా పోలీసులకు ఏం దొరికింది? రైళ్లు బయల్దేరిన దారిలో ఉన్న అల్కలా దె ఎనారెస్ పట్టణంలో, స్టేషన్ దగ్గర ఒక రెనో కాంగూ వ్యాన్. అందులో ఏడు డిటోనేటర్లు, అరబిక్‌లో ఖురాన్ పఠనం ఉన్న ఒక క్యాసెట్. క్యాసెట్ సంగతి పోలీసులకు మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య తెలిసింది. అంటే రాయబారులకు సందేశం వెళ్లేసరికి ప్రభుత్వంలో కనీసం ఒక విభాగానికి ఆ క్యాసెట్ గురించి తెలుసు. రాత్రి ఎనిమిది దాటాక అసెబెస్ దాన్ని ప్రకటించారు, వేరే కోణాలూ చూస్తామన్నారు, అయినా ప్రధాన అనుమానం ఈటీఏ మీదేనని చెప్పారు. ఇంచుమించు అదే సమయంలో రాజు హువాన్ కార్లోస్ టీవీలో దేశంతో మాట్లాడారు. ఆయన ఈటీఏ పేరెత్తలేదు.

## అవే మూడు విషయాలు, మూడు వార్తలు

గురువారం రాత్రి పదింటికి ఒక న్యూస్ డెస్క్ మీద మూడు విషయాలు ఉన్నాయనుకుందాం. ఒకటి: ఈటీఏ గత రెండున్నర నెలల్లో మాడ్రిడ్ మీద రెండు ప్రయత్నాలు చేసింది. రెండు: వ్యాన్‌లో డిటోనేటర్లతో పాటు ఖురాన్ క్యాసెట్ దొరికింది. మూడు: అబూ హఫ్స్ అల్ మస్రీ బ్రిగేడ్స్ పేరుతో ఒక ఈమెయిల్, ఇది మా పనే అంటూ లండన్‌లోని అరబిక్ పత్రికకు వచ్చింది. మూడూ నిజంగా అప్పటికి ఉన్న విషయాలే. వీటితో వార్తలు నేను ఊహించి రాస్తున్నాను.

మొదటి వార్త: “ఈటీఏ మూడో ప్రయత్నంలో మాడ్రిడ్‌ను రక్తసిక్తం చేసింది. వ్యాన్‌లో దొరికిన క్యాసెట్ దర్యాప్తును తప్పుదోవ పట్టించే ఎత్తు కావచ్చని భావిస్తున్నారు.” ఇందులో కల్పించిన ఆధారం ఏదీ లేదు. ‘భావిస్తున్నారు’ అనే మాట చాటున ఎవరు భావిస్తున్నారో దాగిపోయింది.

రెండో వార్త: “ఇరాక్ యుద్ధానికి అల్ కాయిదా ప్రతీకారం. బాధ్యత ప్రకటించుకున్న ముఠా.” ఇదీ స్పిన్నే, దిశ మాత్రం వేరు. ఎందుకంటే ఆ ఈమెయిల్ పంపిన పేరుకు విశ్వసనీయత లేదు. 2003 ఆగస్టులో ఉత్తర అమెరికాలో కరెంటు పోయి కోట్ల మంది చీకట్లో ఉంటే అది కూడా తామే చేశామన్న బాపతు.

మూడో వార్త: “చేసింది ఎవరో తెలియలేదు. ఉదయం అనుమానమంతా ఈటీఏ మీదే ఉన్నా, సాయంత్రానికి జిహాదీల వైపు చూపే ఆధారం ఒకటి దొరికింది. బాధ్యత తమదన్న ఈమెయిల్‌ను నమ్మలేం.” చప్పగా ఉంది. బ్రేకింగ్ న్యూస్‌కు పనికిరాదు. ఆ రాత్రికి నిజం మాత్రం ఇదే.

మూడింటిలో ఏదీ కొత్త ఆధారం కల్పించలేదు. తేడా అంతా ఏది చెప్పాలన్న ఎంపికలో, ‘ఖాయం’ అన్న మోతాదులో ఉంది.

## శుక్ర, శనివారాలు: ఆధారం ఒకవైపు, మాట ఒకవైపు

శుక్రవారం తెల్లవారుజామున వయెకాస్ పోలీస్ స్టేషన్‌లో, రైలు దగ్గర నుంచి తెచ్చిన సామాన్ల మధ్య పేలని బాంబు ఉన్న ఒక సంచి బయటపడింది. దాన్ని నిర్వీర్యం చేశారు. అందులో గోమా-2 ఎకో అనే పేలుడు పదార్థం ఉంది. తొలి గంటల్లో ‘ఈటీఏ వాడే టిటాడైన్’ అని అధికారుల నోట వచ్చిన మాటకు ఇది పొసగదు. సంచిలో ఒక మొబైల్ ఫోన్, సిమ్ కార్డు కూడా ఉన్నాయి. ఆ సిమ్‌ను పట్టుకునే దర్యాప్తు ముందుకు వెళ్లింది.

శుక్రవారం సాయంత్రం స్పెయిన్ అంతటా ర్యాలీలు. కోటి పది లక్షల మంది దాకా పాల్గొన్నారని అంచనా. దేశ జనాభాయే అప్పటికి నాలుగు కోట్ల పైచిలుకు. ప్రభుత్వం ర్యాలీకి ఇచ్చిన నినాదం ‘బాధితులతో, రాజ్యాంగంతో, ఉగ్రవాదం ఓటమి కోసం’. బాధితులు సరే, ఉగ్రవాదం సరే. రాజ్యాంగం ఎందుకొచ్చింది? రైళ్లు పేల్చినవాళ్లు జిహాదీలైతే స్పెయిన్ రాజ్యాంగంతో వాళ్లకు పేచీ ఏముంటుంది? రాజ్యాంగంతో పేచీ ఉన్నది విడిపోతామనే బాస్క్ జాతీయవాదులకు. ఆ ఒక్క పదంతో ర్యాలీకి వచ్చిన ప్రతివాడూ, తెలిసో తెలియకో, ఈటీఏ కథనం వెనక నడిచాడు. మూడు రోజుల్లో నాకు అన్నింటికంటే నేర్పుగా అనిపించిన స్పిన్ ఇదే. కాకపోతే పూర్తిగా పారలేదు. వాన కురుస్తున్నా వచ్చిన ఆ జనంలోంచే ‘ఎవరు చేశారు?’ అనే కేకలు మొదలయ్యాయి.

ఆ సాయంత్రమే ఈటీఏ, మేం చేయలేదని బాస్క్ పత్రిక గారాకు, టీవీకి ఫోన్ చేసి చెప్పింది.

శనివారం ఎల్ ముండో పత్రికలో రహోయ్ ఇంటర్వ్యూ వచ్చింది. ఇది ఈటీఏ పనేనని తన అంతరాత్మ చెబుతోందన్నారు. ప్రభుత్వ వార్తా సంస్థ ఎఫే, ఆధారాలన్నీ ఈటీఏ వైపే ఉన్నాయని, అల్ కాయిదా కాదని శనివారం కూడా వార్త ఇచ్చింది. మధ్యాహ్నం అసెబెస్ మళ్లీ ఈటీఏ పేరునే ముందు పెట్టారు. నాలుగు గంటలకల్లా సిమ్ కార్డు ఆధారంగా ఐదుగురిని అరెస్టు చేశారు: ముగ్గురు మొరాకో వాసులు, ఇద్దరు భారతీయులు. భారతీయులపై ఉన్న అనుమానం ఫోన్ల అమ్మకానికి సంబంధించినది. తర్వాత వాళ్లను వదిలేశారు. అరెస్టుల సంగతి దేశానికి తెలిసేసరికి రాత్రి ఎనిమిది దాటింది. ఆ రాత్రి ప్రభుత్వ టీవీ ముందు ప్రకటించిన కార్యక్రమాన్ని మార్చి, ఈటీఏ చేసిన ఒక హత్య గురించిన సినిమా వేసింది.

మన దగ్గర పోలింగ్‌కు 48 గంటల ముందు మైకులు మూగబోతాయి కదా, స్పెయిన్‌లో పోలింగ్ ముందురోజు అలాంటిదే. ప్రచారం, సభలు నిషేధం. అయినా శనివారం సాయంత్రం ‘ఇంకొకరికి పంపు’ అని ముగిసే ఎస్ఎంఎస్‌లు ఫోన్ నుంచి ఫోన్‌కు పాకాయి. మాడ్రిడ్‌లో పీపుల్స్ పార్టీ ఆఫీసు ముందు వేలమంది చేరి నిజం చెప్పాలని అరిచారు. వాట్సాప్ పుట్టడానికి ఇంకా ఐదేళ్లు ఉంది. ఫార్వర్డ్ మెసేజ్ ఒక దేశ ఎన్నికను కుదిపిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

## అటువైపు చేతులు కడిగినట్టున్నాయా?

లేవు. కథనాన్ని వాడుకున్నది పాలకపక్షం ఒక్కటే కాదు.

గురువారం రాత్రి కదేనా సేర్ అనే రేడియో, రైల్లో ఆత్మాహుతి బాంబర్ శవం ఆనవాళ్లు దొరికాయని, దర్యాప్తు వర్గాలు ధ్రువీకరించాయని చెప్పింది. అది పూర్తిగా తప్పు. రైళ్లలో ఆత్మాహుతి బాంబర్లు లేనేలేరు. ఎల్ పాయిస్‌ను నడిపే సంస్థదే ఆ రేడియో. ప్రభుత్వం చెప్పని నిజం ఇదేనన్న నమ్మకంతో జనం ఆ వార్తను పట్టుకున్నారు. శనివారం రాత్రి సోషలిస్టు నాయకుడు రుబల్‌కాబా టీవీలో మాట్లాడుతూ, అబద్ధం చెప్పని ప్రభుత్వానికి స్పెయిన్ ప్రజలు అర్హులన్నారు. ప్రచారం నిషిద్ధమైన రోజున, నిరసనలు సాగుతుండగా వచ్చిన మాట అది. అంతకంటే పదునైన ఎన్నికల ప్రసంగం ఉండదు. ఆ నిరసనలు వాటంతట అవే పుట్టాయా, పార్టీ కార్యకర్తలు ఎగదోశారా అని రహోయ్ వర్గం ఏళ్లతరబడి అడిగింది. రెండూ కొంత నిజమే అయి ఉండొచ్చు.

ప్రభుత్వ వాదనలో కూడా బలం ఉంది. మార్చి 18న అది నిఘా సంస్థ పత్రాలను కొన్నింటిని బయటపెట్టింది. గురువారం నాటి నోటులో ఈటీఏ పని అనడం దాదాపు ఖాయమని ఉంది. అంటే మంత్రులు గాలిలోంచి మాట తేలేదు. అరెస్టులు, వ్యాన్, క్యాసెట్: అన్నీ గంటల వ్యవధిలో, అదీ ఓటింగ్‌కు ముందే చెప్పాం కదా, దాచాలనుకుంటే చెప్పేవాళ్లమా అన్నది వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. చిక్కు ఎక్కడంటే, ఆధారం మారిన కొద్దీ మాట మారాలి. గురువారం మధ్యాహ్నానికి సరిపోయిన ‘దాదాపు ఖాయం’ శనివారం మధ్యాహ్నానికి సరిపోదు. ఆధారాలు రోజులో మూడుసార్లు మారినా మంత్రి మొగ్గు మాత్రం అక్కడే ఉండిపోయింది.

## ఓటర్లు ఎందుకు మారారు?

పీపుల్స్ పార్టీ 183 స్థానాల నుంచి 148కి పడింది. సోషలిస్టులు 125 నుంచి 164కి పెరిగి ప్రభుత్వం ఏర్పాటు చేశారు. పోలింగ్ 2000లో 68.7 శాతం ఉంటే ఈసారి 75.7 శాతం.

దీన్ని మూడు రకాలుగా చదివారు. అమెరికాలో చాలామంది వ్యాఖ్యాతలు, స్పెయిన్ ఉగ్రవాదానికి భయపడి లొంగిపోయిందన్నారు. స్పెయిన్ వామపక్షం, అబద్ధాన్ని శిక్షించారంది. మూడో వాదన: ఇరాక్ మీద కోపంతో ఉండి కూడా ఓటుకు బద్ధకించే యువకులను, వామపక్ష సానుభూతిపరులను ఈ ఘటన ఇళ్లలోంచి కదిలించింది. పెరిగిన పోలింగ్ ఈ మూడో వాదనకు అనుకూలంగా ఉంది.

హోసే గార్సియా మొంతాల్వో అనే ఆర్థికవేత్త 2011లో ప్రచురించిన అధ్యయనంలో ఒక తెలివైన పని చేశారు. విదేశాల్లో ఉండే స్పెయిన్ పౌరులు దాడికి ముందే ఓటు వేసేశారు. వాళ్ల ఓట్లను దేశంలోని ఓట్లతో, గత ఎన్నికల తీరుతో పోల్చి, దాడి జరగకపోయి ఉంటే పీపుల్స్ పార్టీయే అధికారంలో ఉండేదని లెక్కగట్టారు. దీంతో దాడి ఫలితాన్ని మార్చిందన్న వాదనకు బలం వచ్చింది. అయితే ఓట్లు మార్చింది బాంబులా, బాంబుల తర్వాతి మూడు రోజుల మాటలా? విదేశాల్లో ముందే ఓటేసినవాళ్లు ఆ రెండింటికీ ముందరివాళ్లే కాబట్టి ఈ పద్ధతి వాటిని విడదీయలేదు.

## తర్వాతి మూడేళ్లు: సందేహం తయారీ

కథలో నాకు అన్నింటికంటే ఆసక్తిగా తోచేది ఎన్నికల తర్వాతి భాగం. మూడు రోజులు సందేహాన్ని అణిచిన శిబిరమే ఆ తర్వాత సందేహాన్ని తయారుచేయడం మొదలుపెట్టింది.

ఏప్రిల్ 3న మాడ్రిడ్ శివారు లెగనెస్‌లో పోలీసులు చుట్టుముట్టిన ఏడుగురు నిందితులు తమను తాము పేల్చేసుకున్నారు, ఒక పోలీసు కూడా చనిపోయాడు. పేలుడు పదార్థం ఉత్తర స్పెయిన్‌లోని ఆస్తూరియాస్ గని నుంచి, ఒక మాజీ గని కార్మికుడి ద్వారా వచ్చిందని తేలింది. దర్యాప్తు జిహాదీ ముఠావైపే సాగింది. అయినా ఆ శిబిరం వైపు మొగ్గిన ఎల్ ముండో పత్రిక, కోపే రేడియోలోని కొందరు వ్యాఖ్యాతలు ఏళ్లతరబడి ‘అసలు నిజం వేరే ఉంది’ అనే ధారావాహిక నడిపారు. వయెకాస్ సంచిని పోలీసులే పెట్టారన్నారు. ఒక నిందితుడి ఇంట్లో దొరికిన బోరిక్ ఆమ్లం ఈటీఏ దగ్గరా దొరికింది కాబట్టి సంబంధం ఉందన్నారు. బోరిక్ ఆమ్లం బొద్దింకల మందుగా ఏ ఇంట్లోనైనా ఉండే పొడి.

ఇంకో ముచ్చట: 2006లో ఎల్ ముండో, కాంగూ వ్యాన్‌లో బాస్క్ ప్రాంతపు ప్రసిద్ధ సహకార సంస్థ మోండ్రగోన్ కార్డు దొరికిందని రాసింది. తీరా చూస్తే అది కార్డు కాదు, ఒర్కెస్తా మోండ్రగోన్ అనే పాప్ బృందం పాటల క్యాసెట్.

ఇలాంటివి ఎందుకు బతుకుతాయంటే, నిజమైన ఖాళీలు కొన్ని ఉండడం వల్ల. 2007 అక్టోబరు 31న మాడ్రిడ్ కోర్టు 28 మంది నిందితుల్లో 21 మందిని దోషులుగా తేల్చింది, ఈటీఏ పాత్రకు ఆధారం లేదంది. కానీ సూత్రధారులని ప్రాసిక్యూషన్ చెప్పినవాళ్ల మీద ఆ ఆరోపణ నిలవలేదు. అల్ కాయిదా నాయకత్వం నేరుగా ఆదేశించిందనీ తేలలేదు. ‘సూత్రధారి ఎవరో కోర్టే చెప్పలేదు’ అన్నది నిజం. దాన్నుంచి ‘కాబట్టి ఈటీఏ’ అనడం ఒక గెంతు. ఆ గెంతును పాఠకుడే వేసేలా రోజుకో ప్రశ్న అచ్చువేస్తే సరిపోయింది. పత్రిక ఏదీ ధ్రువీకరించాల్సిన పని లేదు, ‘అడుగుతున్నాం అంతే’ అనొచ్చు.

బాధితుల సంఘం అప్పటి అధ్యక్షురాలు పిలార్ మాన్హోన్ ఆ దాడిలో కొడుకును పోగొట్టుకున్నారు. 2004 డిసెంబరులో పార్లమెంటు కమిషన్ ముందుకు వచ్చి ఆమె ఒక పార్టీని మాత్రమే తప్పుపట్టలేదు. మా పిల్లల చావుల మీద విచారణ జరుగుతుంటే మీరంతా దేనికి నవ్వుకున్నారని సభ్యులను నిలదీశారు. శవాల ఫొటోలను పదేపదే వేసిన మీడియానూ వదల్లేదు. ఆ తర్వాతి ఏళ్లలో కుట్ర సిద్ధాంతాలను కాదన్నందుకు ఆమె మీద వీధుల్లో, ప్రసార మాధ్యమాల్లో దూషణలు కురిశాయి.

2005 వేసవిలో కమిషన్ తుది నివేదిక వచ్చింది. అజ్నార్ ప్రభుత్వం ఆ రోజుల్లో సమాచారాన్ని వక్రీకరించిందని అందులో రాశారు. పీపుల్స్ పార్టీ వ్యతిరేకంగా ఓటేసింది, మిగతా పార్టీలన్నీ అనుకూలంగా ఓటేశాయి.